పేపరు అంటుకుపోయిన ఆకాశం: ఒక తొలి తైలవర్ణ చిత్రం ఎందుకు ఆరలేదు

పోయిన ఏడాది సెప్టెంబరు ఆఖర్లో ఒకావిడ రాజమండ్రిలో మా క్లాసుకి న్యూస్‌పేపర్లో చుట్టిన క్యాన్వాస్ పట్టుకుని వచ్చారు. రిటైరైన హైస్కూలు టీచరు. ముప్పై ఏళ్లకు పైగా పిల్లలకి ఫిజికల్ సైన్స్ చెప్పారు. పేపరు విప్పబోతే ఊడి రాలేదు. అంచు పట్టుకుని మెల్లగా లాగితే చిరిగిపోయి, కొన్ని ముక్కలు బొమ్మ మీదే ఉండిపోయాయి. గోదావరి మీద సాయంత్రం, దూరంగా ఆర్చి బ్రిడ్జి. ఆకాశంలో నారింజ రంగు మీద పేపరు అక్షరాలు తిరగబడి అచ్చుపడ్డాయి. బొమ్మ వేసింది జూన్‌లో. అప్పటికి మూడు నెలలు దాటింది.

"నాకు చెయ్యి తిరగదు మాస్టారూ. ఈ వయసులో ఎందుకమ్మా అని మా అబ్బాయి అంటున్నాడు. ఒక్కసారి మీకు చూపించి మానేద్దామని తెచ్చాను" అన్నారు.

బొమ్మని కిటికీ పక్కన పెట్టి చాలాసేపు చూశాను. బ్రిడ్జి ఆర్చీలు దూరం వెళ్లేకొద్దీ చిన్నవవుతున్న తీరు సరిగ్గా ఉంది. నీళ్లలో వెలుగు ఎక్కడ పడాలో అక్కడే పడింది. ఆవిడ చేతిలో లోపం లేదు. లోపమంతా రంగులో, నూనెలో, క్యాన్వాస్‌లో, వాటిని వాడిన వరసలో ఉంది. ఇన్నేళ్లుగా నేర్పుతూ నేను చూసింది ఇదే: ఆయిల్ పెయింటింగ్ మొదలుపెట్టి మానేసినవాళ్లలో చాలామంది బొమ్మ రాక మానలేదు. సామాను సంగతి చెప్పేవాళ్లు లేక, తప్పంతా తమ చేతిదే అనుకుని మానేశారు. అందుకే ఈ కేసుని మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. ఆవిడ సరేనన్నారు, పేరు మాత్రం వద్దన్నారు.

బొమ్మ చెప్పిన లక్షణాలు

వేలు పెడితే బొమ్మంతా జిగురుగా ఉంది. చాలా చోట్ల వేలిముద్ర పడుతోంది. బ్రిడ్జి కింద నల్లగా ఉన్న భాగంలో మాత్రం సన్నటి పగుళ్లు, ఎండిన చెరువు అడుగులా. నీళ్లలో కొంత భాగం మెరుస్తోంది, పక్కనే అదే రంగు సున్నం కొట్టిన గోడలా చచ్చుగా ఉంది. మబ్బుల్లోని తెలుపు పాత కాగితంలా పసుపెక్కింది. ఒకే బొమ్మకి నాలుగు జబ్బులు. నాలుగింటికీ కారణం ఒకటే అయ్యుండదు కాబట్టి, డాక్టరు అడిగినట్టు ఒక్కొక్కటీ అడిగాను. ఏ రంగులు, ఏ నూనె, ఎంత నూనె, బ్రష్ దేంతో కడిగారు, బొమ్మ ఎక్కడ పెట్టారు.

ఆవిడ అన్నీ గుర్తుపెట్టుకుని చెప్పారు. ఆన్‌లైన్‌లో చవగ్గా వచ్చిన 24 రంగుల సెట్టు. అట్టకి గుడ్డ అంటించి అమ్మే క్యాన్వాస్ బోర్డు. రంగు బాగా జారాలని మొదటి పూతలోనే లిన్‌సీడ్ ఆయిల్ ధారాళంగా పోశారు. ఆ నూనె అయిపోతే పై పూతలకి టర్పెంటైన్ ఒక్కటే కలిపారు. టర్పెంటైన్ వాసనకి తలనొప్పి వస్తోందని, బ్రష్‌లు వంటనూనెతో కడుక్కోవచ్చని ఏదో వీడియోలో చూసి, ఇంట్లో ఉన్న కొబ్బరినూనెతో కడిగారు. కడిగి, గుడ్డతో తుడిచి, మళ్లీ అదే బ్రష్‌తో వేశారు. వానలు మొదలయ్యాయని బొమ్మని బీరువాలో పెట్టి తలుపు వేశారు.

కొబ్బరినూనె మాట వినగానే జిగురు సంగతి తేలిపోయింది. అదే ఆవిడకి చెప్పడానికి ముందు ఒక ప్రశ్న అడిగాను: "ఆయిల్ పెయింట్ ఎలా ఆరుతుందనుకుంటున్నారు టీచరుగారూ?"

"నూనె ఆవిరైపోయి" అన్నారు.

దాదాపు అందరూ చెప్పే జవాబు ఇదే. వాటర్ కలర్‌లో నీళ్లు ఆవిరైపోతాయి, ఇందులోనూ అంతే అనుకుంటాం. కానీ లిన్‌సీడ్ ఆయిల్, అంటే అవిసె నూనె, ఎక్కడికీ పోదు. గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని, ఒక అణువుని ఇంకో అణువుతో ముడివేసుకుంటూ గట్టి పొరగా మారుతుంది. ఆరే రోజుల్లో దాని బరువు తగ్గకపోగా పెరుగుతుంది కూడా. అలా ముడిపడాలంటే నూనెలో డబుల్ బాండ్లు బాగా ఉండాలి. అవిసె నూనెలో సగానికి పైగా లినోలెనిక్ ఆమ్లం ఉంటుంది, ఒక్కో అణువులో మూడేసి డబుల్ బాండ్లు.

ఆవిడ నా మాట పూర్తి కానివ్వలేదు. "కొబ్బరినూనె దాదాపు అంతా సంతృప్త కొవ్వే కదా మాస్టారూ, డబుల్ బాండ్లు దాదాపు ఉండవు! చలికాలం పొద్దున్నే సీసాలో గడ్డ కట్టేది అందుకే కదా. దానికి ముడివేసుకోవడానికి ఏముంది?" అని, కాసేపు ఆగి, "ఇన్నేళ్లు పాఠం చెప్పాను, బ్రష్ పట్టుకున్నప్పుడు మాత్రం గుర్తు రాలేదు" అన్నారు. మానేద్దామని వచ్చిన మనిషి ఆ క్షణంలో కుర్చీ ముందుకు జరుపుకున్నారు.

వంటనూనెతో బ్రష్ కడగడం తప్పు కాదు. దాని తరవాత సబ్బుతో నురగ తెల్లగా వచ్చేదాకా కడిగి, పూర్తిగా ఆరనిచ్చి వాడాలి. సబ్బు లేకుండా తుడిచి వాడితే బ్రష్ వెంట్రుకల మొదళ్లలో దాగిన నూనె ప్రతి పూతలోకీ దిగుతుంది. ఆవిడ బొమ్మలో జరిగింది ఇదే.

పగుళ్ల సంగతి వేరు. కాచిన పాలు చల్లారేటప్పుడు మీగడ కడుతుంది. గిన్నె కదిపితే కింద పాలు కదులుతాయి, పైన మీగడ ముడతలు పడుతుంది, చిరుగుతుంది. రంగు పొరలదీ అదే తీరు. కింద నూనె ఎక్కువున్న పొర నెలల తరబడి మెల్లగా ఆరుతూ కదులుతుంటుంది. పైన టర్పెంటైన్‌తో పల్చన చేసిన పొర రెండు మూడు రోజుల్లోనే బిగుసుకుంటుంది. కింద కదలిక, పైన బిగువు. పగలక ఏం చేస్తుంది? అందుకే నూనె తక్కువున్న పూత కింద, నూనె ఎక్కువున్న పూత పైన ఉండాలి. ఆవిడ సరిగ్గా తలకిందులుగా చేశారు. బ్రిడ్జి కిందే ఎక్కువ పగలడానికి ఇంకో కారణం, అక్కడ ఐవరీ బ్లాక్ దట్టంగా వేశారు. ఆ నలుపు చాలా ఆలస్యంగా ఆరే రంగు. అడుగు పూతలో దాన్ని దట్టంగా వేయకూడదు.

చచ్చుబడ్డ మచ్చలకి బోర్డు కారణం. పైన ప్రైమర్, అంటే రంగుకి ముందు గుడ్డకి వేసే పూత, సరిగ్గా లేని చోట గుడ్డ నూనెని పీల్చేసుకుంది, రంగుపొడి మాత్రం పైన మిగిలింది. ఇక తెలుపు పసుపెక్కడం బీరువా వల్ల. లిన్‌సీడ్ ఆయిల్ చీకట్లో పసుపెక్కుతుంది, వెలుతురులో పెడితే చాలావరకు మళ్లీ తేటపడుతుంది. ఆ బొమ్మని క్లాసులో గోడకి తగిలించాం. రెండు నెలలకి మబ్బులు కొంత తెల్లబడ్డాయి. జిగురు మాత్రం పోలేదు, పోదు కూడా. దాని మీద వార్నిష్ కొడితే సరిపోతుందా అని అడిగారు, వద్దన్నాను. పునాది ఆరని ఇంటికి రంగులేసినట్టు అవుతుంది.

మళ్లీ కొన్న సామాను

24 రంగుల సెట్టు పక్కన పెట్టించాను. అది ఆవిడకి కష్టంగానే అనిపించింది. అయితే ట్యూబుల వెనక చూస్తే చాలా వాటిమీద పిగ్మెంట్ కోడ్ లేదు. మంచి కంపెనీ ట్యూబు మీద ఏ రంగుపొడి వాడారో కోడ్ ఉంటుంది: టైటానియం వైట్‌కి పీడబ్ల్యూ 6, అల్ట్రామెరీన్‌కి పీబీ 29, ఎల్లో ఓకర్‌కి పీవై 43, అంబర్‌కి పీబీఆర్ 7 (అల్ట్రామెరీన్ అంటే నీలం, ఓకర్ అంటే మట్టి పసుపు, అంబర్ అంటే ముదురు గోధుమ). పేరు మీద "హ్యూ" అని ఉంటే అసలు పిగ్మెంట్ బదులు అదే ఛాయ వచ్చే వేరే పిగ్మెంట్ పెట్టారని అర్థం. అది మోసమేమీ కాదు, తెలిసి కొనాలి అంతే. పాతకాలం అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు, పీఆర్ 83, వెలుతురుకి వెలిసిపోతుంది. దాని బదులు పర్మనెంట్ అని రాసి, పీవీ 19 కోడ్ ఉన్నది తీసుకోమంటాను.

ఆరు ట్యూబులు చాలన్నాను: టైటానియం వైట్, ఎల్లో ఓకర్, ఒక కాడ్మియం ఎల్లో, ఒక కాడ్మియం రెడ్, అల్ట్రామెరీన్ బ్లూ, బర్న్‌ట్ అంబర్. రెండు కాడ్మియాలూ హ్యూ రకమైనా ఫరవాలేదు. తెలుపు మాత్రం పెద్ద ట్యూబు, ఎందుకంటే మిగతా అన్నింటికన్నా ముందు అదే అయిపోతుంది. పర్మనెంట్ అలిజరిన్ నెల తరవాత కొనిపించాను. క్యామెల్ వారి ఆర్టిస్ట్ రకం మన ఊళ్లలో దొరుకుతుంది, మొదలుపెట్టడానికి బాగుంటుంది. విన్సర్ అండ్ న్యూటన్ కంపెనీ వింటన్ రకం 37 మి.లీ. ట్యూబులు తెప్పించుకోగలిగితే అవీ మంచివే. రంగులు తక్కువుంటే కలపడం వస్తుంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ ఓకర్, వెర్మిలియన్ ఎరుపు, నలుపు, తెలుపు అనే నాలుగింటితో మనిషి ఒంటి ఛాయలు ఎన్ని పలికించాడో చూపిస్తే ఆవిడకి ధైర్యం వచ్చింది.

జింక్ వైట్ కొనవద్దన్నాను. దాని పొర కాలం గడిచేకొద్దీ పెళుసుబారుతుంది. కొన్ని తెలుపుల్లో టైటానియంతోపాటు జింక్ కూడా కలుపుతారు కాబట్టి కోడ్‌లో పీడబ్ల్యూ 4 ఉందేమో చూసుకోవాలి.

బ్రష్‌లు నాలుగే. పంది వెంట్రుకలవి ఫ్లాట్ మూడు, చిన్నవి కాకుండా పెద్దవి, ఒక మెత్తటి రౌండ్. కొత్తవాళ్లు చిన్న బ్రష్‌తో మొదలుపెట్టి బొమ్మంతా గీతలమయం చేస్తారు. ఒక ప్యాలెట్ నైఫ్. ప్యాలెట్‌కి (రంగులు కలుపుకునే పలకకి) చెక్కది కొనక్కర్లేదు, అంచులు అరగదీయించిన గాజుపలక కింద బూడిదరంగు కాగితం పెడితే చాలు. తెల్ల ప్యాలెట్ మీద ప్రతి రంగూ ఉన్నదానికన్నా ముదురుగా కనిపిస్తుంది. బూడిదరంగు మీదైతే కన్ను మోసపోదు.

క్యాన్వాస్ విషయంలో ఖర్చు తగ్గించుకోవద్దని గట్టిగా చెప్పాను. చెక్క ఫ్రేముకి బిగించిన నూలు క్యాన్వాస్ కొని, ప్రైమ్ చేసి ఉన్నా సరే పైన ఇంకో రెండు పూతలు యాక్రిలిక్ జెస్సో అనే తెల్లటి ప్రైమర్ వేయించాను, ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా, మధ్యలో సన్నటి ఉప్పుకాగితంతో రుద్దుతూ. నూనె నేరుగా గుడ్డకి తగిలితే ఏళ్లు గడిచేకొద్దీ పోగులు కుళ్లి పెళుసవుతాయి. జెస్సో ఆ నూనెకీ గుడ్డకీ మధ్య అడ్డుగోడ. ఇక్కడ ఒక మాట, యాక్రిలిక్ మీద ఆయిల్ వేయొచ్చు, ఆయిల్ మీద యాక్రిలిక్ ఎప్పుడూ వేయకూడదు. పట్టు దొరక్క ఊడిపోతుంది.

టర్పెంటైన్ గురించి ఆవిడకి ఉన్న భయం న్యాయమైనదే. అసలు టర్పెంటైన్ పైన్ చెట్ల బంక నుంచి తీసేది. మన హార్డ్‌వేర్ షాపుల్లో తలుపులకి వేసే ఎనామెల్‌లో కలపమని ఇచ్చేది చాలాసార్లు పెట్రోలియం నుంచి వచ్చిన మినరల్ టర్పెంటైన్. రంగు పల్చన చేయడానికి, బ్రష్ కడగడానికి రెండూ పనికొస్తాయి. ఏదైనా సరే కిటికీలు రెండు వైపులా తెరిచి, సీసా మూత పెట్టి, చిన్న గిన్నెలో కొంచెం పోసుకుని వాడాలి. ఆవిడ ఇంట్లో ఒకే కిటికీ ఉన్న గదిలో పెద్ద మగ్గు నిండా పోసి, మూడు గంటలు దాని పక్కనే కూర్చునేవారు. తలనొప్పి రాక ఏమవుతుంది? వాడేసిన టర్పెంటైన్‌ని సింకులో పోయొద్దు. సీసాలో వదిలేస్తే రెండు రోజుల్లో రంగు అడుక్కి దిగి పైన తేరుకుంటుంది. తేరినది వంపుకుని మళ్లీ వాడుకోవచ్చు.

అన్నిటికన్నా నాకు టెన్షన్ పెట్టింది ఆవిడ మాటల మధ్య మామూలుగా చెప్పేసిన ఒక సంగతి. నూనె తుడిచిన గుడ్డలన్నీ ప్లాస్టిక్ సంచిలో కుక్కి బాల్కనీలో పెడుతున్నారట. లిన్‌సీడ్ ఆయిల్ ఆక్సిజన్‌ని పీల్చుకునేటప్పుడు వేడి పుడుతుంది. పల్చగా ఆరేస్తే ఆ వేడి గాలిలో కలిసిపోతుంది. ముద్దగా కుక్కితే లోపలే పెరిగి, అగ్గిపుల్ల గీయకుండానే గుడ్డ అంటుకుంటుంది. ఒక మే నెలలో మా గదిలోనే, బకెట్‌లో ముద్దగా పడేసిన గుడ్డలు చేత్తో పట్టుకోలేనంత వేడెక్కడం నేను కళ్లారా చూశాను. అప్పటినుంచి గుడ్డలు బయట తీగ మీద విడివిడిగా ఆరేయడమో, మూత ఉన్న డబ్బాలో నీళ్లల్లో వేయడమో చేస్తున్నాం. ఈ ఒక్క మాట చెప్పకుండా ఎవరికీ లిన్‌సీడ్ సీసా ఇవ్వను.

ఇంకొకటి. మనం అన్నం చేత్తో కలుపుకుని తినేవాళ్లం. గోళ్ల సందుల్లో కాడ్మియం ఉండిపోతే ఆ విషం నేరుగా కంచంలోకి వస్తుంది. చేతితొడుగులు వేసుకోవాలి, లేదంటే పని అయ్యాక సబ్బుతో గోళ్లు బ్రష్ పెట్టి తోముకోవాలి. ఆరిన రంగుని ఉప్పుకాగితంతో పొడిగా రుద్దడం మాత్రం అసలు చేయకూడదు.

మొదటి మూడు నెలలు

అక్టోబరు మొదటి వారం బొమ్మ ఊసే లేదు. జెస్సో పూసిన హార్డ్‌బోర్డు ముక్క మీద ఆరు రంగులూ ఒకే మందంలో పూసి, పక్కన తేదీ రాయించాను. రోజూ పొద్దున్న వేలితో తాకి చూసి నోట్‌బుక్‌లో రాసుకోవడమే పని. ఆవిడ దీన్ని ప్రాక్టికల్ రికార్డులా రాశారు. అంబర్ రెండో రోజుకే ఆరింది, ఎందుకంటే అందులోని మాంగనీసు నూనె ఆరడాన్ని తొందరపెడుతుంది. అల్ట్రామెరీన్ ఐదో రోజుకి. తెలుపు ఆరో రోజుకి. కాడ్మియం రెడ్‌కి వారం దాటింది. అదే బోర్డు మీద ఒక చుక్క కొబ్బరినూనె కలిపిన తెలుపు కూడా పూయించాను. ఇది రాసే రోజుకీ అది వేలికి అంటుతోంది.

ఈ ఒక్క బోర్డుతో ఏ రంగు కింద వేయాలో, ఏది పైన వేయాలో నేను చెప్పకముందే ఆవిడే చెప్పగలిగారు.

తరవాత ఇత్తడి చెంబు, రెండు వంకాయలు. ఇవి నేను కావాలని పెట్టే వస్తువులు. ఇత్తడి అంటే పసుపు అని అందరూ పసుపు ట్యూబు తీస్తారు. చెంబుని కళ్లు సగం మూసి చూస్తే సగానికి పైగా ముదురు గోధుమ, కొంచెం పాచిరంగు, గదిలో ఏముందో దాని నీడలు. నిజంగా పసుపు ఉండేది వేలెడు జాగాలో. వంకాయని నల్లగా వేస్తారు. అది నలుపు కాదు. అల్ట్రామెరీన్, అంబర్, కొంచెం అలిజరిన్ కలిపితే వచ్చే లోతైన ఊదా. దాని మీద మెరుపు తెల్లగా ఉండదు, కిటికీలోంచి పడే ఆకాశపు నీలం ఉంటుంది. ఆ మెరుపు దగ్గర చిటికెడు నీలం కలిపిన తెలుపు ఒక్క దెబ్బలో పెట్టి, మళ్లీ ముట్టుకోకుండా బ్రష్ తీసేయాలి. ఆవిడ ఆ ఒక్క మెరుపు కోసం నాలుగు సాయంత్రాలు కూర్చున్నారు. ఐదోనాడు పడింది. నేను పక్క గదిలో ఉన్నాను. "మాస్టారూ, రండి" అన్న పిలుపులోనే తెలిసిపోయింది.

పద్ధతి ఇది. ముందు అంబర్‌లో టర్పెంటైన్ మాత్రమే కలిపి, టీ డికాషన్‌లా పల్చగా క్యాన్వాస్ అంతా పూత. అది తడిగా ఉండగానే గుడ్డతో తుడుస్తూ వెలుగులు బయటికి తీయడం. ఇక్కడ బొమ్మ గీయడం కన్నా చెక్కడం లాంటి పని జరుగుతుంది. ఎక్కడ చీకటి, ఎక్కడ వెలుగు అన్నది రంగు గొడవ లేకుండా తేలిపోతుంది. రెండు రోజులకి ఆరాక, ట్యూబులోంచి వచ్చిన రంగు వచ్చినట్టే, ఏమీ కలపకుండా రెండో పూత. అది తాకితే అంటనంతగా ఆరాక మూడో పూత, రెండు వంతుల టర్పెంటైన్‌కి ఒక వంతు లిన్‌సీడ్ కలిపి. చివరి పూతకి సగం సగం. అంతకు మించి నూనె అవసరం లేదు. రంగు జారకపోతే బ్రష్‌లో రంగు చాలలేదని అర్థం, నూనె చాలలేదని కాదు.

మధ్యలో నా వల్ల ఒక తప్పు జరిగింది. రెండో పూత వేసిన నాలుగో రోజు, అంబర్ ఉన్న చోట తాకి చూసి ఆరిందని, మూడో పూతకి వెళ్లమన్నాను. చెంబు వెనక తెలుపు ఎక్కువున్న గోడ ఇంకా ఆరలేదు. ఆవిడ బ్రష్ పెట్టగానే కింద పూత లేచి వచ్చింది, గోడ మీద గజ్జి పట్టినట్టు అయింది. బొమ్మలో ఒక్క చోట తాకి చూసి మొత్తం ఆరిందనుకోకూడదు. తెలుపు ఎక్కువున్న చోటా, ఎరుపు ఉన్న చోటా విడిగా తాకాలి. పది రోజులు ఆగి, గోడని మళ్లీ వేయించాను. అప్పటినుంచి ఎవరి బొమ్మైనా కనీసం మూడు చోట్ల తాకి చూస్తున్నాను.

రంగులు బురదగా మారడం కూడా చాలా రోజులు వేధించింది. దానికి మందు కలపడంలో లేదు, తుడవడంలో ఉంది. చీకటి రంగులకి ఒక బ్రష్, వెలుగు రంగులకి ఒకటి. ప్రతి నాలుగైదు దెబ్బలకీ గుడ్డతో తుడవడం. తడి రంగు మీద ఒకసారి వేసిన దెబ్బని సవరించాలనిపిస్తే నైఫ్‌తో గీకేసి కొత్తగా వేయడం. ఈ గీకేయడానికి మనసొప్పాలంటే కొంచెం సమయం పడుతుంది. ఆవిడకి నెల పట్టింది.

డిసెంబరులో ఒకరోజు అందరం దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లాం. మన ఊళ్లోనే ఉండి చాలామంది చూడని చోటు అది. 1897లో పుట్టి, బొంబాయి జె.జె. స్కూల్‌లో చదివి, 28 ఏళ్లు నిండకుండానే 1925లో మసూచితో పోయిన మనిషి. అక్కడ నీటిరంగులు ఎక్కువ, తైలవర్ణాలూ ఉన్నాయి. బొమ్మ ఏం చెబుతోందని కాకుండా, పక్కనుంచి వంగి ఉపరితలం మాత్రమే చూడమన్నాను. రంగు ఎక్కడ పల్చన, ఎక్కడ మందం, బ్రష్ ఏ వైపు వెళ్లింది. తైలవర్ణాల్లో నీడలు పల్చగా, వెలుగులు మందంగా ఉండే తీరు ఆవిడే కనిపెట్టారు. రవివర్మకి ఇలా చూపించేవాళ్లు కూడా లేరు. తిరువనంతపురం రాజాస్థానంలో నేర్పాల్సినవాళ్లు గుట్టు చెప్పకపోతే, యూరప్ నుంచి వచ్చిన చిత్రకారుడు థియోడర్ జెన్సన్ బొమ్మ వేస్తుంటే పక్కన నిలబడి చూసి పట్టుకున్నాడు. ఆ సంగతి చెబితే, "ఇప్పుడు వీడియోలు వెయ్యి ఉన్నాయి మాస్టారూ, కానీ సబ్బుతో కడగమని ఎవరూ చెప్పలేదు" అన్నారావిడ. నేను ఆ మాట చాలా రోజులు మర్చిపోలేదు.

మళ్లీ అదే బ్రిడ్జి

ఫిబ్రవరిలో ఆవిడే అడిగారు, జూన్‌లో వేసిన బొమ్మే మళ్లీ వేస్తానని. 18 బై 24 అంగుళాల క్యాన్వాస్. మా ఊరు గోదావరికి తూర్పు గట్టున ఉంది కాబట్టి సూర్యుడు నది మీదే, కొవ్వూరు వైపు దిగుతాడు. వారం రోజులు సాయంత్రం ఐదింటికి పుష్కరఘాట్‌కి వెళ్లి పెన్సిల్ స్కెచ్‌లు, చిన్న అట్టముక్కల మీద రంగు గుర్తులు మాత్రమే తెచ్చుకున్నారు. ఘాట్‌లో కూర్చుని పెద్ద క్యాన్వాస్ వేయడం మొదట్లోనే వద్దన్నాను. వెలుగు పావుగంటకోసారి మారిపోతుంది, ఇసుక ఎగిరి తడి రంగులో పడుతుంది.

అట్టముక్కల్లో ఆవిడ గమనించిన విషయం బొమ్మ మొత్తాన్ని మార్చేసింది. జూన్ బొమ్మలో బ్రిడ్జిని నల్లగా వేశారు. వెలుగుకి ఎదురుగా చూస్తే అది నలుపు కాదు, పొగ పట్టిన ఊదా. దూరం వెళ్లేకొద్దీ ఆకాశం రంగు దానిలోకి దిగుతూ, అవతలి గట్టు దగ్గర ఆర్చీలు దాదాపు ఆకాశంలో కలిసిపోతాయి. అల్ట్రామెరీన్, కొంచెం కాడ్మియం రెడ్, తెలుపు. నల్ల ట్యూబు అవసరమే రాలేదు.

మొదటి పూత అంబర్ డికాషన్. రెండోది ఆకాశం, నీళ్లు, ట్యూబు రంగు ఉన్నట్టుగా. ఆకాశం పూర్తిగా ఆరేదాకా పన్నెండు రోజులు బ్రిడ్జి ముట్టుకోలేదు. బొమ్మని వెలుతురు వచ్చే గదిలో, గాలి ఆడేలా గోడకి కొంచెం ఎడంగా పెట్టారు. నేరుగా ఎండలో పెట్టొద్దన్నాను, పై పొర ముందు బిగుసుకుని లోపల ఆరదు. ఆరిన ఆకాశం మీద బ్రిడ్జి గీతలు వేస్తే, తప్పు పడిన చోట టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసుకోగలిగారు, కింద ఆకాశం చెక్కుచెదరలేదు. ఆ సౌకర్యం ఆవిడకి ఎంత సంతోషం ఇచ్చిందో చెప్పలేను. తప్పు చేయొచ్చు అని తెలిశాక చెయ్యి వణకడం ఆగింది.

నీళ్లలో ఒక చోట మళ్లీ చచ్చు మచ్చ వచ్చింది. ఈసారి కంగారు పడలేదు. పూర్తిగా ఆరాక, ఒక చుక్క లిన్‌సీడ్ టర్పెంటైన్‌తో కలిపి మెత్తటి గుడ్డతో అద్ది, మిగిలినది తుడిచేస్తే రంగు మళ్లీ లోతుగా కనిపించింది. ఆ తరవాతే దాని మీద చివరి పూత, నీళ్ల మీద వెలుగు గీతలు, నైఫ్‌తో మందంగా. మార్చి మూడో వారానికి బొమ్మ పూర్తయింది.

చూసినవాళ్లందరూ వార్నిష్ ఎప్పుడని అడిగారు. పైకి ఆరినట్టు కనిపించినా లోపల ముడిపడే పని నెలల తరబడి జరుగుతూనే ఉంటుంది. పల్చటి బొమ్మకి ఆరు నెలలు, మందంగా ఉన్నదానికి ఏడాదైనా ఆగాలి. మొన్న నవంబరు మొదట్లో, ఎనిమిదో నెలలో, పరీక్ష చేశాం. దూదిని టర్పెంటైన్‌లో ముంచి, పిండేసి, మూలల్లో మెల్లగా తిప్పాలి. ఆకాశం దగ్గర దూది తెల్లగానే ఉంది. బ్రిడ్జి దగ్గరా తెల్లగానే ఉంది. నైఫ్‌తో మందంగా వేసిన నీళ్ల వెలుగు దగ్గర మాత్రం దూదికి లేత నారింజ అంటింది.

దూదిని కిటికీ వెలుతురులో పట్టుకుని చూసి, "మార్చికి ఏడాది నిండుతుంది కదా, అప్పుడే చూద్దాం మాస్టారూ" అన్నారు. గోడ మీద పాత జూన్ బొమ్మ పక్కనే కొత్త బొమ్మ తగిలించాం, మధ్యలో ఆవిడ రంగుల బోర్డు. క్లాసుకి వచ్చే కొత్తవాళ్లు ముందు ఆ బోర్డు కింది మూలలో కొబ్బరినూనె కలిపిన తెలుపు మీద వేలు పెట్టి చూస్తారు. దాని కింద ఆవిడ చేతిరాతతో అక్టోబరు 4 అని ఉంది.